ఖాళీ గడిని నమ్మని ఫ్రేమ్‌వర్క్

గన్నవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు కిందటేడు మాట్లాడమని పిలిస్తే వెళ్ళాను. ముప్పై రెండేళ్ళు ప్రోగ్రాములు రాసి, చివరి ఆరేళ్ళూ సొంతంగా ఒక వెబ్ ఫ్రేమ్‌వర్క్ కట్టి రిటైరైన మనిషినని పరిచయం చేశారు. రెండో వరసలోంచి ఒక విద్యార్థి లేచి, "సార్, ఉన్నవి చాలవా? పటమటలో కూర్చుని మీరొకటి రాయాల్సిన అవసరం ఏమొచ్చింది సార్?" అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. జవాబు మాత్రం సరిగ్గా చెప్పలేకపోయాను, ఎందుకంటే అది పది నిమిషాల్లో అయ్యే జవాబు కాదు. ఇంటికొచ్చి పాత డైరీలు దించుకుని ఇది రాస్తున్నాను.

వెబ్ ఫ్రేమ్‌వర్క్ అంటే తెలియనివాళ్ళకి ఒక మాట. వెబ్‌సైటు కట్టేవాడు ప్రతిసారీ పునాది నుంచి మొదలుపెట్టడు. ఫారం ఎలా తీసుకోవాలి, వచ్చిన సమాచారం ఎక్కడ దాచాలి, పేజీ ఎలా చూపించాలి అన్నవన్నీ ముందే అమర్చిపెట్టిన చట్రం ఒకటుంటుంది. అందులో తన పని బిగించుకుంటాడు. ఆ చట్రం ఎవరో ఎక్కడో చేసిన నిర్ణయాలతో నిండి ఉంటుంది. అవి నిర్ణయాలని మనకి తోచదు. అలవాటైపోతాయి.

నాకొచ్చిన హోదాలూ, నేను దిద్దిన ఫైళ్ళూ ఇక్కడ రాయను. ఒక రేవు గురించి, అక్కడ నేను చేసిన తప్పు గురించి, ఆ తప్పు మళ్ళీ జరగకుండా పెట్టిన ఒక నియమాన్ని తీసేయమన్నప్పుడు జరిగిన గొడవ గురించి రాస్తాను.

పటమట ఆఫీసు

మా కంపెనీ పటమటలో, ఆటోనగర్‌కి వెళ్ళే దారిలో, ఒక లేత్ మెషిన్ల షాపు మీద ఉండేది. కింద ఇనుము కోస్తుంటే పైన మా బల్లలు వణికేవి. పన్నెండు మందిమి. యజమాని మూర్తిగారు. ఆయన గురించి నా అభిప్రాయం దాచుకోను. మంచి మనిషి, మాట తప్పని మనిషి. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు ఆయనే ఆస్పత్రిలో కనిపించేవారు. కానీ వచ్చిన పని ముగించి ఎంత త్వరగా చేతులు దులుపుకుందామా అన్నదే ఆయన చూపు. పని చేసిపెట్టాక ఆ పని ఎవరి చేతిలో ఎలా నడుస్తుందో ఆయనకి పట్టేది కాదు. ఆ రోజుల్లో నాకూ పట్టేది కాదు. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది.

దివిసీమ చివర, సముద్రంలోకి తెరుచుకునే ఒక పాయ ఒడ్డున చిన్న రేవుంది. పేరు రాయను. అక్కణ్ణించి వేటకి వెళ్ళే పడవల వివరాలు కంప్యూటర్లో పెట్టే పని మాకొచ్చింది. రోజూ పొద్దున్నే ఏ పడవ సముద్రంలో ఉందో, ఏది ఒడ్డున ఉందో రేవు గదిలో ఒకరు నమోదు చెయ్యాలి. వాతావరణం చెడితే రేవుల్ని పర్యవేక్షించే పై ఆఫీసువాళ్ళు మా పేజీ తెరిచి, సముద్రంలో ఉన్న పడవలకి వైర్లెస్ ద్వారా కబురు పంపాలి. అంతే పని.

అందరూ వాడే ఫ్రేమ్‌వర్క్ ఒకటి తీసుకుని పదకొండు రోజుల్లో కట్టాను. పడవ పేరు, మనుషుల పేర్లు, చివర ఒక చిన్న గడి. పక్కన "సముద్రంలో ఉంది" అని రాసి ఉంటుంది. ఉంటే టిక్కు పెట్టాలి. రేవు గదిలో నమోదు చేసే నాగమణి ఆ ఊరి అమ్మాయే, ఇంటర్ చదివింది, చురుకైనది. ఒక్క పూటలో నేర్పించాను. ఆ రోజు నా డైరీలో ఇలా ఉంది: "శిక్షణ పూర్తి. ఏ ఇబ్బందీ లేదు. నాలుగింటి బస్సు దొరికింది."

సున్నా

ఏడాదిన్నర తర్వాత ఒక మధ్యాహ్నం గాలి మారింది. సాయంత్రానికి సముద్రం పోటెత్తుతుందని హెచ్చరిక వచ్చింది. పై ఆఫీసువాళ్ళు మా పేజీ తెరిచారు. సముద్రంలో ఉన్న పడవలు: సున్నా. వాళ్ళు తృప్తిగా పేజీ మూసేశారు. ఎవరికీ కబురు పంపలేదు. పంపడానికి ఎవరూ లేరని నా పేజీయే చెప్పింది కదా.

ఏడుకొండలు అనే అతని పడవ ఆ సమయంలో నలుగురు మనుషులతో సముద్రంలోనే ఉంది.

అతని భార్య పోలమ్మ రేవు గదికి వచ్చి, "మావోళ్ళకి కబురెట్టారామ్మా?" అని అడిగేదాకా విషయం బయటపడలేదు. అప్పటికి మూడు గంటలు గడిచాయి. పడవ మర్నాడు మధ్యాహ్నానికి, ఇంజను నీళ్ళు మింగి, ఇంకో పడవ తాడు కట్టి లాక్కొస్తే చేరింది. ఏడుకొండలు కుడిచేతి వేళ్ళు రెండు తాడులో నలిగిపోయాయి. నలుగురూ బతికారు. అందులో నా ప్రోగ్రాము చేసిన సాయం ఏమీ లేదు.

మూర్తిగారు ఫోన్లో పై ఆఫీసుకి చెప్పిన మాట నేను విన్నాను. "మా వైపు నుంచి సాఫ్ట్‌వేర్ కరెక్టుగానే ఉందండీ. ఆపరేటర్ టిక్కు పెట్టలేదు. హ్యూమన్ ఎర్రర్."

నాకూ అదే నిజమనిపించింది. చల్లపల్లిలో బస్సు మారి, నాగమణికి నాలుగు చీవాట్లు పెట్టి రావాలనే వెళ్ళాను.

రేవు పుస్తకం

నేను కూర్చోకముందే నాగమణి అంది, "నేను తప్పు రాయలేదు సార్. ఏడుకొండలన్న పడవ గడిలో నేనసలు ఏమీ రాయలేదు. కావాలంటే చూసుకోండి."

"అదే కదమ్మా తప్పు! టిక్కు లేదంటే ఒడ్డున ఉన్నట్టు."

"అట్టా అని ఎవరు చెప్పారు?"

ఆలోచిస్తే, అలా అని ఎవరూ చెప్పలేదు. నేను కూడా నిర్ణయించలేదు. టిక్కు లేని గడిని "కాదు" అని చదువుకోవడం ఫ్రేమ్‌వర్క్ అలవాటు. ఎవరో ఎక్కడో చేసిన నిర్ణయం. దాన్ని తెచ్చి ఈ రేవు మీద పెట్టింది మాత్రం నేనే.

నాగమణి బీరువాలోంచి అట్ట చిరిగిన ఒక పొడుగాటి పుస్తకం తీసి నా ముందు పడేసింది. కంప్యూటర్ రాకముందు రేవులో వాడిన పుస్తకం. అడ్డంగా రోజులు, నిలువుగా పడవల పేర్లు. పడవ ఒడ్డుకి చేరితే ఆ గడిలో "చేరింది" అని రాసి ఉంది. చాలా గడులు ఖాళీగా ఉన్నాయి.

"ఈ ఖాళీలేంటి?"

"అయ్యి ఇంకా రాని పడవలు సార్. వచ్చినాక రాస్తాం. వచ్చిందాకా ఖాళీగానే ఒదిలేస్తాం."

"'రాలేదు' అని రాయచ్చుగా?"

గుమ్మంలో నిలబడ్డ పోలమ్మ నా మాట విని చెంపలేసుకుంది. "అదేం మాట బాబూ! మడిసి నీళ్ళ మీదుంటే 'రాలేదు' అని ఎవురైనా రాస్తారా? మీ ఇంట్లో రాస్తారా?"

"ఆ మాట మేం నోటితో కూడా అనం సార్," అంది నాగమణి. "మా అమ్మా అనేది కాదు. గడి ఖాళీగా ఉందంటే ఇక్కడ అందరికీ తెలుసు. అందుకే కంప్యూటర్లో కూడా ఖాళీగానే ఒదిలేశాను. ఆ పొద్దున పోలమ్మక్కని అడిగితే 'వస్తాడులే' అంది. సముద్రంలోనే ఉన్నాడో, పాయలోకి వచ్చేశాడో, పక్క రేవులో ఆగాడో నాకేం తెలుసు? తెలవనప్పుడు టిక్కు ఎట్టా పెట్టను?"

"మరి నేర్పించినరోజే ఈ సంగతి చెప్పుండాల్సింది."

"మీరు అడిగితే గదండీ చెప్పేది! కంప్యూటర్ ఎట్టా ఆపాలో చెప్పి నాలుగింటి బస్సుకి ఎళ్ళిపోయారు."

పోలమ్మ పకపకా నవ్వింది. మొగుడి చెయ్యి కట్టుతో ఉన్న మనిషి. నేను తలెత్తలేకపోయాను.

అక్కడ నా ఎదురుగా ఉన్నది ఇది: ఆ రేవు పుస్తకంలో ఖాళీ గడికి "ఇంకా సముద్రం మీదే ఉండచ్చు, చూస్తున్నాం" అని అర్థం. నా ప్రోగ్రాములో అదే ఖాళీ గడికి "ఒడ్డున క్షేమంగా ఉంది" అని అర్థం. ఏడాదిన్నరపాటు రెండు అర్థాలూ ఒకే గడిలో కాపురం చేశాయి. గాలి లేని రోజుల్లో ఎవరికీ తెలియలేదు. పుస్తకం ఎప్పుడూ ఆ బీరువాలోనే ఉంది. చూపించమని నేను అడగలేదు. ముప్పై రెండేళ్ళలో నేను చేసిన తప్పులన్నింటిలో దీనికి మొదటి స్థానం ఇస్తాను.

కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు ఈ ఒక్కటీ పట్టుకోండి. కంప్యూటర్ రాకముందు అక్కడ ఏ పుస్తకం వాడారో చూపించమని అడగండి. అందులో రాసినవి చదివాక, రాయకుండా వదిలేసినవి ఎందుకు వదిలేశారో కూడా అడగండి.

మూడో జవాబు

తిరిగొచ్చి మూర్తిగారికి చెప్పాను. "గడి తీసేసి మూడు జవాబులు పెడదాం. ఒడ్డున ఉంది, సముద్రంలో ఉంది, తెలియదు. అంతే గదా?" అన్నారాయన. ఆ పని ఒక గంటలో అయిపోతుంది, నిజమే. కానీ మేం కట్టిన ప్రతి సైటులోనూ అలాంటి గడులు వందలున్నాయి. ఇంకో ప్రోగ్రామర్ రేపు ఇంకో పేజీ రాస్తూ మూడో జవాబుని మర్చిపోతే, పాత ఫ్రేమ్‌వర్క్ ఏమీ అనదు. మళ్ళీ నిశ్శబ్దంగా "ఒడ్డున ఉంది" అనేస్తుంది. నన్ను భయపెట్టింది ఆ నిశ్శబ్దం.

అప్పటికే రెండు మూడేళ్ళుగా సరదాకి ఒక ఫంక్షనల్ భాష నేర్చుకుంటున్నాను. లెక్కల్లో ఫంక్షన్ ఎలాంటిదో ఆ భాషలో ప్రోగ్రామూ అలాంటిదే. ఒకే సమాచారం ఇస్తే ఎన్నిసార్లయినా ఒకే ఫలితం ఇస్తుంది. మనకి చెప్పకుండా పక్కన ఇంకొకదాన్ని మార్చదు. ఒకసారి పెట్టిన విలువ మారదు. మార్పు కావాలంటే కొత్త విలువ పుడుతుంది, పాతది పాతగానే ఉంటుంది. నాకది వెంటనే నచ్చింది. నలభై ఏళ్ళుగా డైరీ రాస్తున్నాను, ఒక్క కాగితం చింపలేదు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాస్తాను. గీత కింద తప్పు చదవడానికి వీలుగా ఉండాలి.

ఇంకా ముఖ్యమైంది, ఆ భాషలో ఒక వస్తువు మూడు రకాలుగా ఉండచ్చని చెబితే, దాన్ని వాడే ప్రతిచోటా మూడింటి సంగతీ తేల్చమని కంపైలర్, అంటే మనం రాసినదాన్ని తనిఖీ చేసి ప్రోగ్రాముగా మార్చేది, కూర్చోబెడుతుంది. ఒక్కటి మర్చిపోయినా ప్రోగ్రాము తయారే కాదు. ఆ భాష మీద వెబ్ ఫ్రేమ్‌వర్క్ కడితే, ఖాళీ గడి తనంతట తాను ఏ అర్థమూ చెప్పుకోలేదు. ఎవరో ఒక మనిషి కూర్చుని చెప్పాల్సిందే.

మూర్తిగారిని శనివారాలు ఇమ్మని అడిగాను.

"ఏ కస్టమర్ అడిగాడండీ దీన్ని?" అన్నారు.

"ఏడుకొండలు."

"ఆయన కస్టమర్ కాదు గదండీ రత్నంగారూ."

"ఆయన పడవ మన పేజీలో ఉంది."

మూర్తిగారు చివరికి శనివారాలు ఇచ్చారు. ఇచ్చినందుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. ఆ తర్వాత ఆరేళ్ళూ నన్ను చూసినప్పుడల్లా "యజ్ఞం ఎంతవరకొచ్చింది?" అని ఎగతాళి చేసినందుకు మాత్రం కాదు.

మూడో జవాబుకి నేను పెట్టిన పేరు "తెలియదు". రేవుకి తీసుకెళ్ళి నాగమణికి చూపిస్తే మొహం ముడుచుకుంది.

"ఎవురికి తెలవదు సార్? పై ఆఫీసోళ్ళకా, నాకా? ఇది చూస్తే నేను పని చెయ్యకుండా కూర్చున్నట్టుంది."

"మరేం పెడదాం?"

ఆమె ఒడ్డున వల బాగుచేస్తున్న పోలమ్మని కేకేసి అడిగింది. పోలమ్మ తల కూడా ఎత్తలేదు. "ఎదురుచూస్తన్నామని రాయండి. ఉన్నమాటే గదా."

అదే పెట్టాను. ఒడ్డున, సముద్రంలో, ఎదురుచూపు. నా ఫ్రేమ్‌వర్క్ మొత్తంలో నాకు బాగా నచ్చిన పేరు అది, నేను పెట్టింది కాదు.

లావణ్య చదివిన తీర్పు

మొదటి మూడేళ్ళూ ఒక్కణ్ణే కట్టాను. ఫలితం ఎలా ఉందో లావణ్య వచ్చాక తెలిసింది. అప్పటికి ఆమెకి ఈ పనిలో నాలుగేళ్ళ అనుభవం. మనసులో ఉన్నది మొహం మీద అనేసే మనిషి. మూర్తిగారు ఆమెని నాకిచ్చింది సాయానికి కాదని, నేనేం చేస్తున్నానో కనిపెట్టమనేనని తర్వాత ఆమే చెప్పింది.

మొదటిరోజు ఒక చిన్న పేజీ రాయమన్నాను. ఒకచోట పొరపాటు చేసింది. నా ఫ్రేమ్‌వర్క్ స్క్రీను నిండా ఎర్రగా పొరపాటు వివరించింది. లావణ్య దాన్ని గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది. సగం చదివి ఆగి, "ఇది తప్పు చెప్తందా సార్, శపిస్తందా?" అంది. ఆఫీసంతా గొల్లుమంది.

"కొంచెం ఓపిగ్గా చదివితే అర్థమవుతుంది," అన్నాను.

"మీకవుద్ది. మీరు రాశారు గాబట్టి. మీరు రేపు రిటైరైతే మేమంతా మీ ఇంటికొచ్చి మీ డైరీలు చదువుకోవాలా?"

కోపం వచ్చింది. ఆ రోజు డైరీలో ఆమె గురించి ఒక కటువైన వాక్యం రాశాను. మూడు రోజుల తర్వాత దాని మీద గీత కొట్టి పక్కన "ఆమె చెప్పింది నిజం" అని రాశాను. రేవు పుస్తకం చూడకుండా ప్రోగ్రాము రాసిన నేనే, ఇంకో ప్రోగ్రామర్ ఎలా చదువుతుందో చూడకుండా ఫ్రేమ్‌వర్క్ రాశాను. అదే తప్పు రెండోసారి. ఫంక్షనల్ భాషలంటే ఇష్టపడేవాళ్ళకి ఈ జబ్బు ఎక్కువ. మన తెలివి మనకే ముద్దొస్తుంది. ఒక పేజీ రాయడానికి ఎదుటివాడు పుస్తకం చదవాల్సొస్తే, తప్పు చట్రం కట్టినవాడిది.

సగం కూల్చి మళ్ళీ కట్టాం. ఫారం ఎలా కనిపించాలో, అందులో ఏం రాయచ్చో, అది ఎలా దాచుకోవాలో ఇదివరకు మూడుచోట్ల రాయాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్కచోట రాస్తే చాలు, మూడూ దానిలోంచే వస్తాయి. ఒక పేజీ తీసేస్తే, దానికి దారి చూపించే లింకు ఇంకెక్కడో మిగిలిపోయి ఉంటే, ప్రోగ్రాము తయారవదు. జనం క్లిక్ చేసి గోడకి గుద్దుకోరు. నమోదైన కబురేదీ చెరిగిపోదు. ఏడు గంటలకి ఎదురుచూపు, తొమ్మిదింటికి ఒడ్డున అని రెండూ వరసగా ఉంటాయి. పేజీ ఆ వరసని చదివి లెక్క కడుతుంది. గాలి సమాచారం, ఫోను మెసేజీల వంటి బయటి గొడవలన్నీ లోపలి లెక్కల్లో కలవకుండా, ప్రోగ్రాములో ఒక్క గుమ్మం దగ్గరే ఆపాం. నియమాలు తెలుగు మాటల్లోనే రాసేలా కట్టాం, పొరపాటు వివరణలన్నీ లావణ్య తెలుగులో తిరగరాసింది. "ఎదురుచూపులో ఉన్న పడవని ఈ పేజీలో ఏం చెయ్యాలో మీరు చెప్పలేదు" అని. అంతే, ఒక్క వాక్యం.

ఆదర్శమైన ఫ్రేమ్‌వర్క్ అంటే ఏమిటని నన్నడిగితే ఈ వాక్యం చూపిస్తాను. వేగం, అందం, ఎంతమంది వాడుతున్నారు అన్నవి తర్వాత చూసుకోవచ్చు.

ఒక్క లైను

నేను రిటైరవడానికి మూడు నెలల ముందు, కొత్త ఫ్రేమ్‌వర్క్ మీద కట్టిన మొదటి సైటు సిద్ధమైంది. పాత రేవే. అక్కడ బాగుంటే తీరం వెంట మిగతా రేవులన్నింటి పనీ మాకే ఇస్తామన్నారు. ప్రారంభానికి పెద్ద అధికారి ఒకరు వస్తున్నారు. దానికి వారం ముందు మూర్తిగారు నా బల్ల దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కున్నారు.

"రత్నంగారూ, పై ఆఫీసోళ్ళు పేజీ చూశారండీ. అంతా బాగుందన్నారు. ఆ మూడో వరస తీసెయ్యమంటన్నారు."

"ఎందుకట?"

"పెద్దాయన వచ్చి తెరవంగానే మొదటి పేజీలో 'ఎదురుచూపు: రెండు' అని ఎర్రగా ఉంటే ఏం బావుంటదండీ? ఎవరో తప్పిపోయినట్టుంది. లోపల మీరు ఎట్టా ఉంచుకున్నా పర్లేదు. మొదటి పేజీలో మాత్రం వాటిని ఒడ్డున ఉన్నవాటిలో కలిపెయ్యండి. ఎట్టాగూ వచ్చేసే పడవలే గదా."

"ఏడుకొండల పడవని కూడా అప్పుడు ఒడ్డునే కలిపామండీ."

"అది వేరు."

"ఏం వేరు?"

ఆయన గొంతు తగ్గించారు. "మీరు మూడు నెలల్లో ఇంటికెళ్తారు. ఈ పన్నెండు కుటుంబాల్నీ నేను లాక్కురావాలి. మీరు చెయ్యకపోతే లావణ్య చేస్తది. లేదంటే పాత ఫ్రేమ్‌వర్క్‌లో రెండ్రోజుల్లో కట్టిస్తాను. మీ యజ్ఞం అక్కడితో సరి."

నేను ధీమాగా ఉన్నాను. నా కంపైలర్ మీద నాకు అంత నమ్మకం. మూడో జవాబుని ఎవరైనా తీసెయ్యబోతే, దాన్ని వాడిన ప్రతి పేజీ దగ్గరా ప్రోగ్రాము మొరాయిస్తుంది. ఆరేళ్ళు కట్టింది అందుకే.

మర్నాడు లావణ్య వచ్చి ఎదురుగా కూర్చుంది. మొహం బాగోలేదు.

"అయిపోయింది సార్."

"ఏమైంది?"

"మూర్తిగారు చెయ్యమంటే చేసి చూశా. మీ ఫ్రేమ్‌వర్క్ ఆపలేదు. మూడో జవాబు తియ్యనక్కర్లేదు. పక్కన ఒక చిన్న ఫంక్షన్ రాస్తే చాలు. ఎదురుచూపు వస్తే ఒడ్డున అని తిరిగిచ్చే ఫంక్షన్. ఒక్క లైను. కంపైల్ అయింది. ఒక్క హెచ్చరిక కూడా రాలేదు."

నా ధీమా జారిపోయింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మూడింటి సంగతీ తేల్చమని మాత్రమే ఆ భాష అడుగుతుంది. తేల్చింది నిజమా అబద్ధమా అని అడగదు, అడగలేదు. మర్చిపోయేవాణ్ణి ఆపగలను, అబద్ధమాడేవాణ్ణి ఆపలేను. ఈ సంగతి ఇంత సూటిగా అప్పటిదాకా నాకు నేను చెప్పుకోలేదు.

"మరి పంపించావా?"

"లేదు సార్. ఫంక్షన్‌కి పేరు పెట్టాలి గదా. ఏం పెట్టాలో తోచలా. 'ఒడ్డుకి చేర్చు' అని పెట్టా. నేనెవర్ని చేర్చడానికి? తీసేసి ఇంకోటి పెట్టా. ఏది పెట్టినా చదివేవాడికి తెలిసిపోద్ది. కింద రాసినవాళ్ళ పేరు కూడా పడద్ది గదా, మీరే పెట్టారు ఆ రూలు. చివరికి మొత్తం తీసేశా. మూర్తిగారికి మీరే చెప్పుకోండి."

ఇద్దరం కలిసి మూర్తిగారి గదిలోకి వెళ్ళాం. ఆయన ముందు కీబోర్డు పెట్టి, ఆ ఫైలు తెరిచి, "ఒక్క లైను చాలండీ. చెయ్యచ్చు. కానీ అది మీరు రాయండి, మీ పేరు మీద," అన్నాను.

"నాకేం వస్తదండీ ప్రోగ్రామింగు?"

"నేను చెప్తుంటే కొట్టండి. ఇంతే: ఎదురుచూస్తున్న పడవ వస్తే, ఒడ్డున ఉందని చెప్పు."

ఆయన నా వైపు కోపంగా చూశారు. నిజంగానే కీబోర్డు దగ్గరికి జరిగారు. మొదటి రెండు మాటలూ కొట్టారు కూడా. తర్వాత ఆగారు. పాత ఫ్రేమ్‌వర్క్‌లో ఈ పని చెయ్యడానికి ఎవరూ ఏమీ రాయనక్కర్లేదు. గడి ఖాళీగా ఉంటుంది, అంతే. తర్వాత ఆపరేటర్ తప్పనవచ్చు. ఇక్కడ మాత్రం ఆ వాక్యం ఆయన కళ్ళెదుట, ఆయన వేళ్ళతో తెలుగులో పుడుతోంది.

"ఇంత పచ్చిగా ఉండాలాండీ ఇది?" అన్నారు.

"ఉన్నదే అంతండీ."

కొట్టిన రెండు మాటలూ చెరిపేసి లేచారు. "మీ ఇద్దరూ కలిసి నన్ను రోడ్డున పడేస్తారు. పోండి. అట్టాగే ఉంచండి. పెద్దాయన అడిగితే మీరే చెప్పుకోండి."

ప్రారంభం రోజు

రేవు దగ్గర చిన్న షామియానా వేశారు. పెద్ద అధికారి పేజీ తెరిచారు. ఒడ్డున పంతొమ్మిది, సముద్రంలో ఆరు, ఎదురుచూపు రెండు. ఆయన వేలు మూడో వరస మీద ఆగింది.

"ఇదేంటి?"

నేను నోరు తెరిచేలోగా నాగమణి అంది, "ఆ రెండు పడవలూ ఎక్కడున్నాయో ఇంకా కబురు అందలేదండీ. ఎదురుచూస్తన్నాం."

ఆయన పై ఆఫీసువాళ్ళ వైపు తిరిగారు. "పని పూర్తికాకుండానే ప్రారంభానికి పిలిచారా?"

వాళ్ళు మూర్తిగారి వైపు చూశారు. మూర్తిగారు నా వైపు చూశారు. ఆడవాళ్ళ గుంపులోంచి పోలమ్మ గొంతు వినిపించింది.

"పూర్తయ్యే పనా సారూ అది?"

పెద్దాయన ఆమె వైపు చూసి, "ఆ పడవల పేర్లు చదవమ్మా," అన్నారు నాగమణితో. ఆమె చదివింది. పక్క రేవుకి ఫోను చెయ్యమన్నారు. ఒకటి అక్కడే ఆగి ఉందని తెలిసింది. నాగమణి దాన్ని ఒడ్డున ఉన్నవాటిలో చేర్చి రాసింది. రెండోదాని గురించి ఎవరికీ తెలియలేదు. ఎదురుచూపు వరసలో ఆ ఒక్కటీ అలాగే ఉంది. దాని ముందే దండలు వేశారు, కాఫీలు ఇచ్చారు, ఫొటోలు తీశారు.

మిగతా రేవులు మాకు రాలేదు. పేజీ "ఆందోళనకరంగా" ఉందన్నారని విన్నాను. మూర్తిగారు ఇతర పనులన్నీ మళ్ళీ పాత ఫ్రేమ్‌వర్క్‌లోనే చేయిస్తున్నారు. నాది ఇప్పుడు ఒక్క రేవులో నడుస్తోంది, లావణ్య చూసుకుంటోంది. ఆరేళ్ళ శనివారాలకి ఒక్క రేవేనా అని అడిగేవాళ్ళున్నారు. ఒక్క రేవే. మళ్ళీ మొదలుపెట్టమంటే మళ్ళీ శనివారాలు అడుగుతాను. అప్పుడు కూడా మూడో వరస మొదటి పేజీలోనే ఉంటుంది.

ప్రారంభం రోజు తిరిగొస్తూ మేం చల్లపల్లి దాటుతుండగా నాగమణి ఫోను చేసింది. రెండో పడవ వచ్చిందంది. తను పరిగెత్తుకెళ్ళి తాడు కట్టడం చూసి, దిగినవాళ్ళని లెక్కపెట్టి, అప్పుడు గదిలోకొచ్చి గడి మార్చిందట. లావణ్య తన ఫోనులో పేజీ తెరిచి చూపించింది. ముందు పడవ చేరింది. తర్వాతే పేజీ మారింది.